చాందా (చంద్రపూర్) ఎండల్లో ఓవర్‌క్లాక్ చేసిన గ్రాఫిక్స్ కార్డును చల్లగా ఉంచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓవర్‌క్లాక్ అంటే చిప్ నడిచే వేగాన్ని, అంటే క్లాక్‌ను, కంపెనీ పెట్టిన దానికంటే పెంచడం. గ్రాఫిక్స్ కార్డు వేడి గురించి ఇంటర్నెట్‌లో కనిపించే అంకెల్లో చాలావరకు 20 నుంచి 25 డిగ్రీల గదిలో కొలిచినవి. మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, రాజురా, అహేరి, సిరొంచ వైపు మే నెల మధ్యాహ్నం బయట 45 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల కప్పు ఉన్న ఇంట్లో గది 40కి దిగడమే కష్టం. గనుల పక్కనుంటే బొగ్గు దుమ్ము అదనం. కింది జవాబులన్నీ ఆ మే నెలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇక్కడ ఏ కూలింగ్ కొన్నా మే మధ్యాహ్నానికి లెక్క కట్టే కొనాలి.

కార్డు ఎంత వేడెక్కితే ఫర్వాలేదు?

కార్డును బట్టి మారుతుంది. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 30 వరుస కార్డులు మామూలుగా 83 డిగ్రీల దగ్గర ఆగాలని చూస్తాయి. 3080కి గరిష్ఠ హద్దు 93, 4090కి 90. ఏఎండీ ఆర్‌ఎక్స్ 6000 వరుసలో హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) 110 వరకు వెళ్లినా కంపెనీ లెక్కలో తప్పు కాదు. 3080, 3090 లాంటి కార్డుల్లో ఉండే జీడీడీఆర్6ఎక్స్ రకం మెమరీ 110 దగ్గర వేగం తగ్గించుకుంటుంది.

ఇవి కార్డు కాలిపోకుండా పెట్టిన హద్దులు, రోజూ నడపాల్సిన అంకెలు కావు. ఎండాకాలంలో కోర్ (కార్డు ప్రధాన చిప్) 80 లోపు, హాట్‌స్పాట్ 95 లోపు, మెమరీ 95 నుంచి 100 లోపు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. ఎన్విడియా కార్డులు హద్దు దాకా వెళ్లకముందే, వేడి పెరిగే కొద్దీ 15 మెగాహెర్ట్జ్ చొప్పున క్లాక్ దించుకుంటూ పోతాయి. అంటే వేడిగా నడిచే ఓవర్‌క్లాక్ తన వేగంలో కొంత తనే పోగొట్టుకుంటుంది.

కోర్‌కూ హాట్‌స్పాట్‌కూ మధ్య తేడా కూడా చూడండి. 10 నుంచి 15 డిగ్రీలుంటే మామూలే. 25 దాటితే చిప్‌కూ హీట్‌సింక్‌కూ (వేడిని లాగి గాలిలోకి వదిలే లోహపు రేకుల దిమ్మ) మధ్య పూసే పేస్టు ఎండిపోయిందనో, హీట్‌సింక్ ఒక వైపే నొక్కుకుందనో అర్థం. హెచ్‌డబ్ల్యూఇన్ఫో64 అనే సాఫ్ట్‌వేర్‌లో రెండూ కనిపిస్తాయి. ఆర్‌టీఎక్స్ 50 వరుసలో హాట్‌స్పాట్ అంకె చూపించడం మానేశారు, అక్కడ కోర్, మెమరీ వేడితోనే సరిపెట్టుకోవాలి.

గది 10 డిగ్రీలు పెరిగితే కార్డు ఎంత పెరుగుతుంది?

ఫ్యాన్ వేగం అదే అయితే దాదాపు అదే 10 డిగ్రీలు, కొన్నిసార్లు ఒకటి రెండు ఎక్కువ. చిప్ వేడెక్కితే అందులో వృథాగా పోయే కరెంటు కూడా పెరుగుతుంది. డిసెంబరులో 22 డిగ్రీల గదిలో 68 చూపిన కార్డు మేలో 42 డిగ్రీల గదిలో 88 చూపిస్తే అందులో వింతేమీ లేదు. గాలితోనైనా నీళ్లతోనైనా మామూలు కూలింగ్ ఏదీ కార్డును గది వేడి కంటే కిందికి దించలేదు. కార్డుకూ గదికీ మధ్య తేడాను తగ్గించడం వరకే దాని పని.

కొంచెమే పెంచాను కదా, ఇంత వేడి ఎందుకు?

చిప్ తినే కరెంటు క్లాక్‌తో సమానంగా, వోల్టేజీతో మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. క్లాక్ 5 శాతం, దానికోసం వోల్టేజీ 5 శాతం పెంచితే వాడకం దాదాపు 16 శాతం పెరుగుతుంది. 320 వాట్ల 3080 అలా 370 వాట్లకు చేరుతుంది. ఆటలో కనిపించే లాభం మాత్రం ఆ 5 శాతం కూడా ఉండదు.

ఏదీ కొనకముందు ఏం చేయాలి?

వేడి పుట్టడమే తగ్గించండి, అంటే వోల్టేజీ దించండి. ఈ ప్రాంతానికి ఇంతకు మించిన మందు లేదు. పైసా ఖర్చు లేదు, కార్డు విప్పక్కర్లేదు, పైగా గది కూడా చల్లబడుతుంది.

ఎన్విడియా కార్డయితే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజీ గీత వస్తుంది. ముందు కోర్ క్లాక్‌ను 200 దాకా మైనస్ చేసి గీత మొత్తాన్ని కిందికి దించండి. తర్వాత 850 మిల్లీవోల్టుల దగ్గరున్న చుక్కను పట్టుకుని మీకు కావాల్సిన క్లాక్ వరకు పైకి లాగండి. 3080 అయితే 1800 మెగాహెర్ట్జ్‌తో మొదలుపెట్టండి. అప్లై నొక్కగానే ఆ చుక్కకు కుడి పక్కనున్నవన్నీ సమంగా పడుకోవాలి. గంటసేపు ఆడి చూడండి. ఆగిపోతే క్లాక్ 15 తగ్గించండి, నిలబడితే 15 పెంచండి. రెండు కార్డులు ఒకే మోడలైనా ఒకే అంకె దగ్గర నిలవవు, కాబట్టి పక్కవాళ్ల అంకెను యథాతథంగా దించుకోకండి.

ఏఎండీ కార్డులకు ఆడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లోని పర్ఫార్మెన్స్ ట్యూనింగ్‌లో వోల్టేజీ జరపొచ్చు. ఒక్కసారి 25 మిల్లీవోల్టులకు మించి దించకండి.

అక్కడే ఫ్యాన్లు ఆగిపోయే సదుపాయాన్ని కూడా ఎండాకాలానికి ఆపేయండి. 40 దాటిన గదిలో కార్డు ఖాళీగా ఉన్నా 55 దగ్గర ఊగిసలాడుతుంది. ఫ్యాన్ మాటిమాటికీ మొదలవుతూ ఆగుతూ ఉంటే బేరింగు త్వరగా పోతుంది. 30 శాతం దగ్గర ఎప్పుడూ తిరగనివ్వడం మేలు.

కేబినెట్‌కు ఎన్ని ఫ్యాన్లు కావాలి?

లెక్క కట్టి చూద్దాం. కార్డు, ప్రాసెసర్ కలిపి 500 వాట్లు అనుకోండి. లోపలి గాలి గది గాలి కంటే 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే నిమిషానికి సుమారు 95 ఘనపుటడుగుల గాలి నిజంగా కదలాలి. ఆర్కిటిక్ పీ12 లాంటి 120 మి.మీ. ఫ్యాన్ పెట్టె మీద 56 అని ఉంటుంది, కానీ అది అడ్డేమీ లేనప్పటి అంకె. జాలీ, దుమ్ము, తీగలు అడ్డొస్తే సగం కూడా దక్కకపోవచ్చు. కాబట్టి ముందు మూడు లోపలికి, వెనుక ఒకటి, పైన వెనుక వైపు ఒకటి బయటికి. ముందు భాగం గాజుతోనో రేకుతోనో మూసేసిన కేబినెట్ అయితే ఫ్యాన్ల మీద డబ్బు పెట్టకముందు ఆ పలక తీసి ఒక పూట నడపండి. వేడి 5 డిగ్రీలు పడితే సమస్య ఎక్కడుందో తేలిపోయినట్టే.

కంప్యూటర్ టేబుల్ కింది మూసిన అరలో కేబినెట్ పెట్టకండి. గోడకు కనీసం ఒక జానెడు ఎడం ఉండాలి.

పేస్టు మారిస్తే ఎంత తగ్గుతుంది? ఏది వేయాలి?

రెండేళ్లు దాటిన కార్డుకు 5 నుంచి 10 డిగ్రీలు తగ్గడం సాధారణం, హాట్‌స్పాట్ ఇంకా ఎక్కువ దిగొచ్చు. కొత్త కార్డుకు పెద్దగా తేడా ఉండదు.

ఇక్కడి వేడికి పల్చటి పేస్టులు పనికిరావు. చిప్ 40 నుంచి 85 మధ్య రోజూ వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే చిప్పూ హీట్‌సింకూ వ్యాకోచించి సంకోచించి పేస్టును అంచులకు నెట్టేస్తాయి. వేసిన వారం బాగుండి, నెల తిరిగేసరికి హాట్‌స్పాట్ మళ్లీ పైకెళ్లిందంటే జరిగింది ఇదే. ఆర్కిటిక్ ఎంఎక్స్-6, నాక్టువా ఎన్‌టీ-హెచ్2 లాంటి చిక్కటివి కొంత నిలుస్తాయి. అంతకంటే మంచిది పేస్టు బదులు వేసే, లోహం కాని హనీవెల్ పీటీఎం7950 అనే పల్చటి రేకు. గది వేడిలో గట్టిగా ఉండి, 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందుల్లోకి సర్దుకుంటుంది, బయటికి జారిపోదు. ఆన్‌లైన్‌లో నకిలీలు ఎక్కువ, మరీ చవకగా కనిపిస్తే వదిలేయండి.

అయితే మన మే నెల గది కూడా ఆ 45కి దగ్గరే. కొరియర్ వ్యానులోనే రేకు మెత్తబడి కవరుకు అతుక్కుని వస్తుంది. రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి. వేసే ముందు పది నిమిషాలు డీప్‌ఫ్రిజ్‌లో ఉంచితే పై పొర శుభ్రంగా ఊడుతుంది. చిప్ కంటే ఒక మిల్లీమీటరు పెద్దగా కత్తిరించి, గాలి బుడగ లేకుండా పరవాలి. మొదటి రోజే పూర్తి ఫలితం కనిపించదు, నాలుగైదు సార్లు బాగా వేడెక్కి చల్లారాక కుదురుకుంటుంది.

పాత పేస్టు తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి, మొబైల్ రిపేరు షాపుల్లో దొరుకుతుంది. మందుల షాపు సర్జికల్ స్పిరిట్‌లో నీళ్లు, ఇతర పదార్థాలు కలిసి ఉంటాయి, వద్దు. హీట్‌సింక్ బిగించేటప్పుడు చిప్ చుట్టూ ఉన్న నాలుగు స్ప్రింగ్ స్క్రూలను మూల నుంచి ఎదురు మూలకు, ఒక్కొక్కటి సగం చుట్టు చొప్పున తిప్పాలి. ఒక పక్క మొత్తం బిగించి రెండో పక్కకు వెళితే చిప్ అంచు పగిలే ప్రమాదం ఉంది.

థర్మల్ ప్యాడ్లు మార్చాక వేడి పెరిగింది. ఎందుకు?

మెమరీకీ పవర్ భాగానికీ హీట్‌సింక్‌కూ మధ్య పెట్టే మెత్తటి ముక్కలే థర్మల్ ప్యాడ్లు. ప్యాడ్ మందం తప్పింది. అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. మెమరీ మీది ప్యాడ్ అర మిల్లీమీటరు ఎక్కువైతే చాలు, హీట్‌సింక్ దాని మీద ఆని చిప్‌కు సరిగ్గా తగలదు. కోర్ మామూలుగా కనిపిస్తూనే హాట్‌స్పాట్ 100 దాటిపోతుంది. తక్కువైతే మెమరీ గాలిలో ఉండిపోతుంది.

విప్పినప్పుడు పాత ప్యాడ్‌ను నలగని అంచు దగ్గర డిజిటల్ కాలిపర్‌తో కొలవండి. ఒకే కార్డులో మెమరీకి ఒక మందం, పవర్ భాగానికి ఇంకో మందం ఉండొచ్చు, కాబట్టి ప్రతి చోటు ఫోటో తీసి పక్కన అంకె రాసుకోండి. కొత్త ప్యాడ్లు పెట్టి, చిప్ మీద కాస్త పేస్టు పూసి, బిగించి మళ్లీ విప్పి చూడండి. చిప్ మొత్తం మీద పల్చగా సమంగా పరుచుకుని, ప్యాడ్ల మీద మెమరీ అచ్చు పడితే మందం సరిపోయినట్టు. అంత ఓపిక లేకపోతే ప్యాడ్ల బదులు ముద్దలా ఉండే థర్మల్ పుట్టీ వాడండి. ఎంత సందుంటే అంతకు నలుగుతుంది.

లిక్విడ్ మెటల్ వేయొచ్చా?

వద్దు. పేస్టు బదులు వేసే అది గాలియం మిశ్రమం. కరెంటును పోనిస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. ఒక బొట్టు చిప్ పక్కనున్న కెపాసిటర్ల మీదికి జారితే కార్డు పోయినట్టే.

కార్డు సొంత ఫ్యాన్లు తీసేసి పెద్ద ఫ్యాన్లు పెట్టడం ఎలా?

ఖర్చుకు తగ్గ ఫలితమిచ్చే మార్పుల్లో ఇది ముందుంటుంది. కార్డు మీది 80, 90 మి.మీ. పల్చటి ఫ్యాన్లు నిమిషానికి 3000 చుట్లు తిరిగి తెచ్చే గాలిని 25 మి.మీ. మందమున్న 120 మి.మీ. ఫ్యాన్లు సగం వేగంతో, సగం చప్పుడుతో తెస్తాయి.

కావాల్సినవి: 120 మి.మీ. పీడబ్ల్యూఎం (నాలుగు పిన్నుల, వేగం మార్చగలిగే) ఫ్యాన్లు రెండు (హీట్‌సింక్ 300 మి.మీ. దాటితే మూడు), 200 మి.మీ. పైబడిన కేబుల్ టైలు ఎనిమిది, సందులు మూయడానికి 5 మి.మీ. ఫోమ్ పట్టీ, కార్డు మీది చిన్న నాలుగు పిన్నుల ప్లగ్ నుంచి మామూలు ఫ్యాన్ ప్లగ్‌కు మారే కేబులు.

ముందు చోటు కొలవండి. మదర్‌బోర్డు మీద ఒక కార్డు పట్టే చోటు, అంటే ఒక స్లాటు, 20.3 మి.మీ. హీట్‌సింకే రెండున్నర స్లాట్లు ఉంటే ఫ్యాన్ కలిపి నాలుగు దాకా పోతుంది. ఆ కింద ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) మూత వరకు మరో 20 మి.మీ. అయినా ఖాళీ ఉండాలి, లేకపోతే ఫ్యాన్‌కు పీల్చుకోవడానికి గాలి దొరకదు. చోటు చాలకపోతే 15 మి.మీ. పల్చటి ఫ్యాన్లు తీసుకోండి.

తర్వాత ప్లాస్టిక్ తొడుగు స్క్రూలు తీసి ఫ్యాన్ ప్లగ్గులు ఊడదీయండి. తీగ పట్టుకుని లాగితే బోర్డు మీది సాకెట్టే లేచి వస్తుంది, ప్లగ్ తలను ట్వీజర్‌తో పట్టుకోండి. కొత్త ఫ్యాన్లు గాలిని హీట్‌సింక్‌లోకి ఊదేలా పెట్టి, టైలతో రేకుల సందుల గుండా కట్టండి. ఫ్యాన్ చట్రానికీ హీట్‌సింక్‌కూ మధ్య ఫోమ్ అతికించడం మరవద్దు. ఆ సందు ఉంటే గాలి రేకుల్లోకి దూరకుండా పక్కలకు జారిపోతుంది. పని మొత్తంలో సగం ఫలితం ఆ ఫోమ్‌దే.

ఫ్యాన్లను మదర్‌బోర్డుకు కలిపితే అది కార్డు వేడిని చూడలేదు. ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ ఫ్యాన్లను జీపీయూ (కార్డు చిప్) వేడికి ముడిపెట్టండి. సాఫ్ట్‌వేర్ ఆగిపోయినా ప్రమాదం లేకుండా బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లో) ఆ ఫ్యాన్లకు కనీసం 60 శాతం పెట్టి ఉంచండి.

హీట్‌సింక్ మొత్తం మార్చొచ్చా?

ఆర్కిటిక్ యాక్సిలెరో, రైజిన్‌టెక్ మార్ఫియస్ లాంటివి ఆర్‌ఎక్స్ 580, జీటీఎక్స్ 1080 తరం కార్డులకు బాగా నడిచాయి. కొత్త కార్డుల సొంత హీట్‌సింకులే ఇప్పుడు చాలా పెద్దవి, కాబట్టి ఆ డబ్బు ఫ్యాన్ల మీద పెట్టండి.

ప్రాసెసర్‌కు వాడే రెడీమేడ్ వాటర్ కూలర్‌ను కార్డుకు తగిలించొచ్చా?

పాత కార్డుకైతే ఎన్‌జెడ్ఎక్స్‌టీ క్రాకెన్ జీ12 లాంటి బ్రాకెట్‌తో కుదురుతుంది. చిప్ బాగా చల్లబడుతుంది. అయితే మెమరీకీ పవర్ భాగానికీ 92 మి.మీ. ఫ్యాన్ గాలి ఒక్కటే దిక్కు, వాటి మీద చిన్న రాగి హీట్‌సింకులు అతికించాలి. జీడీడీఆర్6ఎక్స్ మెమరీ ఉన్న 3080, 3090లకు ఈ పద్ధతి అస్సలు వద్దు. కోర్ 55 చూపిస్తుంటే మెమరీ 110 కొట్టేస్తుంది.

రేడియేటర్‌ను పంపు కంటే పైన ఉండేలా బిగించండి. పంపు అన్నిటికంటే ఎత్తులో ఉంటే గాలి బుడగలు అందులో చేరి గరగరమంటుంది, త్వరగా పాడవుతుంది.

పూర్తి వాటర్ లూప్ వేస్తే రేడియేటర్ ఎంత ఉండాలి?

వాటర్ లూప్ అంటే చిప్ మీది బ్లాకు, పంపు, రేడియేటర్‌లను గొట్టాలతో విడివిడిగా కలిపి నీళ్లు తిప్పే ఏర్పాటు. చల్లటి ఊళ్ల లెక్క 120 మి.మీ. రేడియేటర్‌కు 100 నుంచి 150 వాట్లు. ఇక్కడ 100 వాట్లు దాటొద్దు, కుదిరితే 80 చాలు. కారణం పంపు. ఎక్కువమంది వాడే డీ5 పంపుకు నీటి వేడి హద్దు 60 డిగ్రీలు. పీఈటీజీ అనే గట్టి ప్లాస్టిక్ గొట్టాలు కూడా అదే వేడి దగ్గర మెత్తబడి కీళ్ల నుంచి జారడం మొదలుపెడతాయి. కార్డు, ప్రాసెసర్ కలిపి 475 వాట్లు ఉండి రేడియేటర్ ఒక్క 360 మి.మీ. మాత్రమే అయితే నీరు గది కంటే 15 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. 25 డిగ్రీల గదిలో ఏమీ కాదు. 45 డిగ్రీల గదిలో నీరు 60 దాటుతుంది, అక్కడ లీకు మొదలవుతుంది. అదే లూప్‌కు 360తో పాటు 240 రేడియేటర్ కలిపితే 10 డిగ్రీల తేడాలో ఆగుతుంది.

గట్టి గొట్టాల అందానికి పోకుండా ఈపీడీఎం రబ్బరు గొట్టాలు వేయండి. లూప్‌లో నీటి వేడి సెన్సర్ తప్పకుండా ఉండాలి, 55 దాటితే కంప్యూటర్ ఆగేలా పెట్టుకోండి. బ్లాకు రాగిదైతే రేడియేటర్ కూడా రాగిదో ఇత్తడిదో కావాలి. అల్యూమినియం కలిస్తే ఒక ఏడాదిలో లోపల తుప్పు, పొట్టు పేరుకుంటాయి.

నింపాక 24 గంటలు పంపు ఒక్కటే నడపండి. మదర్‌బోర్డుకు, కార్డుకు కరెంటు వెళ్లకూడదు. ఎస్‌ఎంపీఎస్‌ను జంపర్ ప్లగ్‌తో (మదర్‌బోర్డు లేకుండానే ఆన్ చేసేది) ఆన్ చేసి, ప్రతి కీలు కింద టిష్యూ కాగితం పరిచి చూడండి.

ఏ నీళ్లు పోయాలి?

బోరు నీళ్లు వద్దు, ఆర్ఓ నీళ్లు కూడా వద్దు. ఆర్ఓలో ఇంకా లవణాలు మిగిలే ఉంటాయి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ సరిపోతుంది, అయితే లేబుల్ చదివి తీసుకోండి, అదే వరుసలో బ్యాటరీ యాసిడ్ డబ్బాలూ ఉంటాయి. అందులో తుప్పునూ పాచినీ ఆపే కాన్సంట్రేట్ కలపండి. మామూలు లూప్‌కు ఒక లీటరు పడుతుంది, ఏడాదికోసారి మార్చాలి. ఆక్రిలిక్ భాగాలను స్పిరిట్‌తో తుడవకండి, సన్నటి పగుళ్లు వస్తాయి.

గది కూలర్ పెడితే తడి చేరి కార్డు పాడవుతుందా?

ఏప్రిల్, మే నెలల్లో పాడవదు. పైగా మీరు చేయగలిగిన పెద్ద సహాయం అదే. 45 డిగ్రీలు, 15 శాతం తేమ ఉన్న గాలిని మంచి గడ్డి ఉన్న కూలర్ దాదాపు 30 డిగ్రీలకు దించుతుంది. అంటే కార్డు వేడి కూడా దాదాపు ఆ 15 డిగ్రీలు తగ్గుతుంది. అప్పుడు గదిలో తేమ 60 శాతం దగ్గరుంటుంది. ఆ గాలిలోంచి నీరు పేరుకోవాలంటే వస్తువు 22 డిగ్రీల కంటే చల్లగా ఉండాలి, నడుస్తున్న కార్డు ఎప్పుడూ అంత చల్లగా ఉండదు.

జాగ్రత్తలు రెండు. కూలర్ గాలి నేరుగా కేబినెట్ మీదికి కొట్టకూడదు, తుంపరలో వచ్చే ఉప్పు రేకుల మీద తెల్లగా గడ్డకడుతుంది. రెండోది, ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచాలి. మూసిన గదిలో తేమ పెరిగి కూలర్ పనిచేయడం మానేస్తుంది. కార్డు వదిలిన వేడి కూడా ఆ కిటికీ గుండానే పోవాలి. 500 వాట్ల కంప్యూటర్ మూసిన గదిలో చిన్న హీటర్‌తో సమానం. వానలు పడ్డాక కూలర్ ఆపేయండి.

బొగ్గు దుమ్మును ఎలా తీయాలి?

రాజురా దగ్గర సాస్తి, అటు ఘుగ్గుస్, దుర్గాపూర్ చుట్టుపక్కల ఉండేవాళ్లు ఎండాకాలంలో 15 రోజులకోసారి, మిగతావాళ్లు నెలకోసారి దులపాలి. బొగ్గు పొడి మామూలు మట్టి కంటే సన్నగా ఉండి జాలీ గుండా దూరుతుంది. దానికి తడి తగిలితే కరెంటును కాస్త పోనిస్తుంది కూడా. జూన్‌లో మొదటి వానలకు ముందే ఒకసారి పూర్తిగా శుభ్రం చేయమనేది అందుకే.

ప్లగ్ తీసి, కేబినెట్‌ను బయటికి తెచ్చి, చేతి ఎలక్ట్రిక్ బ్లోయర్‌తో ఊదండి. కార్డు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, గాలికి మితిమీరి తిరిగితే బేరింగు పోతుంది. టైరు షాపు కంప్రెసర్ వాడొద్దు, అందులోంచి నీరు, నూనె తుంపర వస్తాయి. లోపలికి ఊదే ఫ్యాన్లు బయటికి ఊదే వాటి కంటే ఎక్కువుంటే సందుల గుండా దుమ్ము పీల్చుకోదు. ముందు ఫ్యాన్లకు నైలాన్ జాలీ పెట్టి వారానికోసారి కడిగి ఆరబెట్టండి.

ఒడిశా తీరంలో బరంపురం, గోపాల్‌పూర్ వైపు వాళ్లకు కూడా ఇవే వర్తిస్తాయా?

వోల్టేజీ దించడం, పేస్టు, ప్యాడ్ల సంగతి అంతా వర్తిస్తుంది. కానీ అక్కడ ఎండ కంటే ఉప్పు గాలి పెద్ద శత్రువు. గది కూలర్ అక్కడ దండగ, గాలిలో ముందే తేమ నిండి ఉంటుంది. సముద్రం వైపు కిటికీ దగ్గర కేబినెట్ పెట్టకండి. వాడని రోజుల్లో కూడా ఒక గంట నడిపితే లోపల తేమ ఆరుతుంది.

కరెంటు పోతే లూప్‌కు ప్రమాదమా?

లేదు. పంపుతో పాటు కార్డూ ఆగిపోతుంది.

వారంటీ పోతుందా?

కంపెనీని బట్టి ఉంటుంది. స్క్రూ మీద స్టిక్కర్ ఉంటే విప్పకముందు అమ్మిన కంపెనీకి మెయిల్ రాసి జవాబు దాచుకోండి. పాత ఫ్యాన్లు, తొడుగు, స్క్రూలు ఒక డబ్బాలో భద్రపరచండి.

సామాన్లు ఎక్కడ దొరుకుతాయి?

ఫ్యాన్లు, పేస్టు నాగ్‌పూర్ సీతాబర్డీలోనో, సికింద్రాబాద్ పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో దొరుకుతాయి. బల్లార్షా నుంచి రెండు ఊళ్లకూ రైలుంది. వాటర్ బ్లాకులు మాత్రం ఆన్‌లైన్‌లోనే తెప్పించాలి, మీ కార్డు బోర్డు వెర్షన్ ఫోటోతో పోల్చుకోకుండా ఆర్డరు పెట్టకండి.

ఓవర్‌క్లాక్ నిలబడిందని ఎలా తెలుసుకోవాలి?

3డీమార్క్ అనే సాఫ్ట్‌వేర్‌లోని స్ట్రెస్ టెస్టు 20 సార్లు తిరిగి 97 శాతం దాటాలి. తర్వాత మీరు నిజంగా ఆడే ఆట గంటసేపు. ఫర్‌మార్క్ అనే పరీక్ష సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడకండి, అది ఏ ఆటా పెట్టనంత బరువు పెడుతుంది.

మెమరీ విషయంలో ఒక చిక్కుంది. జీడీడీఆర్6ఎక్స్ తప్పులు వస్తే ఆగిపోదు, ఆ సమాచారాన్ని మళ్లీ పంపుకుంటుంది. క్లాక్ పెంచుతున్నా స్కోరు తగ్గుతోందంటే హద్దు దాటేసినట్టే. 100 మెగాహెర్ట్జ్ చొప్పున వెనక్కి రండి.

డిసెంబరులో పరీక్షించిన ఓవర్‌క్లాక్ మేలో నిలవదు. ఆఫ్టర్‌బర్నర్‌లో రెండు ప్రొఫైళ్లు దాచుకోండి. మొదటిది జూలై నుంచి ఫిబ్రవరి వరకు వాడే ఓవర్‌క్లాక్, రెండోది మార్చి నుంచి జూన్ వరకు వాడే తక్కువ వోల్టేజీది. రెండోదాన్ని మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య, గది కూలర్ ఆపి పరీక్షించండి.